రెండో ర్యాక్ వెనుక

మే 3, సోమవారం

మొగల్తూరు పని సుధకి ఇచ్చారు. రొయ్యల ప్లాంటు వాళ్ల కొత్త ఆఫీసు. రెండు ర్యాకులు, స్విచ్చులు, రౌటరు, ఎర్తింగ్, అన్నీ మనవే. మా యజమాని రామ్మోహన్ గారు టీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఫ్యాను కాస్త తగ్గించమన్నంత మామూలుగా చెప్పారు. "ఈసారి ఇన్‌ఛార్జి మన సుధమ్మ. మూర్తీ, నువ్వు పక్కనుండి చూసుకో."

పక్కనుండి!

రాజమండ్రిలో ఈ ఆఫీసుకి బోర్డు కట్టిన రోజు నిచ్చెన పట్టుకున్నది నేను. ఇప్పుడు నా భార్య కింద నేను.

సుధ నా వైపు చూసింది. నేను నవ్వాను. బాగానే నవ్వి ఉంటాను. ఎవరూ ఏమీ అనలేదు మరి.

మే 4

"మీకేమైనా కష్టంగా ఉందాండీ?"

"దేనికి?"

"చారు పోసుకోకుండానే లేచారు."

ఆకలి లేదన్నాను. తను కంచం తీసేసింది. చాలాసేపు వంటింట్లో గిన్నెల చప్పుడు.

మే 6

తనని ఆఫీసుకి తీసుకెళ్లింది నేనే. అది ఎవరికీ గుర్తులేదు. కాకినాడ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, పెళ్లయ్యాక ఆ కాగితాన్ని బీరువాలో చీరల కింద పెట్టుకుని కూర్చుంది. వైర్లకి నంబరు చీటీలు అంటించే మనిషి కావాలని రామ్మోహన్ గారు అంటే, "మా ఆవిడ ఉందండీ, ఖాళీగానే ఉంటుంది" అన్నాను. ఖాళీగా ఉంటుందని నేనే అన్నాను.

చీటీలు అంటిస్తూ అంటిస్తూ చూసింది. చూస్తూ చూస్తూ అడిగింది. తర్వాత అడగడం మానేసి పుస్తకాలు తెప్పించుకుంది. ఇంగ్లీషు మాన్యువళ్లు. కూర పొయ్యి మీద పెట్టి చదివేది. నాకు చాలాసార్లు మాడిన వాసన వచ్చింది. చాలాసార్లు ఏమీ అనలేదు. ఆ రోజుల్లో గర్వంగా కూడా ఉండేది. నిజం.

భార్య పైకి వస్తుంటే ఏడ్చే మగాడు ఎలాంటివాడు? ఇలాంటివాడు. ఇక్కడ రాసుకుంటున్నాడు.

మే 10, సోమవారం

సైటు మొదటి రోజు. బస్సు దిగగానే వాసన. రొయ్య, ఐసు, బురద, ఉప్పుగాలి. ప్లాంటు ఎలక్ట్రీషియన్ అబ్బులు గేటు దగ్గరికి ఎదురొచ్చాడు. నన్ను చూసి, "రండి సార్, ఇన్‌ఛార్జి మీరేనాండీ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు సుధ, "నేనేనండీ" అంది. అబ్బులు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

అక్కడే మొదటి దెబ్బ. నేను ఎప్పుడూ చేసినట్టే, "నెట్‌వర్క్‌కి విడిగా ఎర్త్ గొయ్యి తవ్వించండి. బిల్డింగ్ ఎర్త్‌తో సంబంధం ఉండకూడదు" అన్నాను. సుధ మెల్లగా, చాలా మెల్లగా —

"విడిగా తవ్వొచ్చండీ. కానీ రెండూ రాగి పట్టీతో కలిపెయ్యాలి. కలపకపోతే పిడుగు పడ్డప్పుడు ఒక ఎర్త్‌లో వోల్టేజి ఒక మట్టానికి పోతుంది, ఇంకోదాన్లో ఇంకో మట్టానికి. ఆ తేడా అంతా మన స్విచ్చుల్లోంచే పోవాలి."

"నేను ఇన్నేళ్లూ కలపకుండానే చేశాను. ఏమీ కాలేదు."

సుధ గొయ్యి తవ్వాల్సిన చోటు కాలితో గీసింది. అబ్బులు నేల చూపులు చూశాడు. సుధ ఏదో ఒకటి అనుంటే బాగుండేది. నేనూ నాలుగు అనేవాణ్ణి.

రెండూ కలిపారు.

మే 11

గొయ్యి తవ్వుతుంటే నడుం లోతు కూడా రాకుండానే నీళ్లు ఊరాయి. సముద్రం అంత దగ్గర. నేను బొగ్గు, ఉప్పు తెప్పించమన్నాను. ఎక్కడైనా అవే వేస్తాం, పొర మీద పొర.

"ఇక్కడ నేలే ఉప్పుగా ఉందండీ. ఇంకా ఉప్పు పోస్తే పైపుని తినేస్తుంది."

అబ్బులు పళ్లికిలించాడు. "నిజమేనండి. మా పాత బిల్డింగులో పైపు తీసి చూస్తే పేణీలాగా పొడి రాలిందండి."

జి.ఐ. పైపు బదులు రాగి రాడ్డు దింపించింది. టెస్టరు పెట్టి రీడింగ్ తీసింది నేను. ముల్లు కదిలీ కదలకుండా కింద ఆగింది. ఇంత మంచి ఎర్త్ నేను రాజమండ్రిలో ఎప్పుడూ చూడలేదు. రీడింగ్ గట్టిగా చదివాను.

మే 13

ఇన్‌ఛార్జికి ఆఫీసు సెల్‌ఫోన్ ఇస్తారు. అదొకటి. నోకియా. ఇంట్లో దేవుడి పటం పక్కన పెట్టి ఛార్జింగ్.

సామాను పంపిన కంపెనీ తరఫున తనిఖీకి వచ్చే ఇంజనీరు సెల్వం. చెన్నై మనిషి. రోజూ ఫోన్ చేస్తాడు. సుధ పెరట్లోకి వెళ్లి ఇంగ్లీషులో మాట్లాడుతుంది. తన ఇంగ్లీషు ఇంత బాగుంటుందని నాకు తెలీదు. నవ్వుతుంది కూడా. ఎర్త్ బార్ గురించి మాట్లాడేటప్పుడు నవ్వడానికి ఏముంటుంది?

"ఏమంటాడు?"

"డ్రాయింగు అడిగారండీ."

"నవ్వావు."

"ఆయన తెలుగులో చెప్పబోయారు. గొయ్యిని గోరు అన్నారు."

మే 17

రెండ్రోజులుగా ర్యాకు పని. నేను కేబుళ్లు లాగుతున్నాను. తను ఎర్తింగ్.

చూడకూడదనుకుంటూనే చూస్తాను. తీగ చివరి రాగి బిళ్ల, లగ్, కూర్చునే చోట ముందు ఎమ్రీ కాగితంతో రుద్దుతుంది. బూడిదరంగు పెయింటు పోయి కింద ఇనుము మెరిసేదాకా. వేలితో తడిమి చూస్తుంది. స్క్రూలు పెదాల మధ్య పట్టుకుంటుంది, జడ వేసుకునేటప్పుడు పిన్నులు పట్టుకున్నట్టే. పళ్ల వాషరు, లగ్, నట్టు. బిగించాక తీగని ఒకసారి గుంజి చూస్తుంది. పైన సన్నగా వ్యాజ్‌లైన్, ఉప్పుగాలి లోపలికి పోకుండా.

స్విచ్చు, రౌటరు, ప్రతి పెట్టెకీ విడిగా ఒక ఆకుపచ్చ తీగ, తిన్నగా రాగి బార్‌కి. నేనైతే ఒకదాన్నుంచి ఇంకోదానికి గొలుసులా లాగేసేవాణ్ణి. మధ్యలో ఒకటి ఊడితే దాని తర్వాతవన్నీ ఊడినట్టే కదా అని ఇవాళ, తన పని చూస్తూ, నాకు నేనుగా అనుకున్నాను. తను చెప్పలేదు. చెప్పకపోయినా నేర్పుతోంది. అదే భరించలేకపోతున్నాను.

ర్యాకు తలుపుకి కూడా అల్లిక తీగ కట్టింది. తలుపుకెందుకన్నాను. "తెరిచేది మనిషే కదండీ" అంది.

మే 19, బుధవారం

రాయాలా వద్దా.

మధ్యాహ్నం. సుధ రెండో ర్యాకు వెనక కూర్చుని పెద్ద తీగ బిగిస్తోంది. గోడ మీద రాగి పట్టీ నుంచి ర్యాకు ఒంటికి వచ్చే తీగ. అసలైంది అదే. ప్లాంటు మేనేజరు గారు కబురు పెట్టారు, పైన ఓనరు గారి అబ్బాయి వచ్చారు, ఇన్‌ఛార్జి వచ్చి చెప్పాలట. తను నట్టు చేత్తోనే తిప్పి పెట్టి లేచింది. వచ్చేసరికి కరెంటు పోయింది. తర్వాత ఆ సెల్వం ఫోను. తర్వాత పైన ఇంకో రూములో ఏదో గొడవ. సాయంత్రం బస్సు టైమైంది.

నేను కేబుళ్లు కట్టలు కట్టడానికి రెండో ర్యాకు వెనక్కి వెళ్లాను. టార్చి వేశాను.

లగ్ కింద పెయింటు. గీకలేదు. నున్నగా, నిగనిగలాడుతూ, షాపులోంచి వచ్చినట్టే ఉంది. నట్టు ఎవరో తర్వాత బిగించారు, తనో అబ్బులో. చూడ్డానికి గట్టిగానే ఉంది. కానీ పెయింటు మీద. పెయింటులోంచి కరెంటు పోదు.

పెట్టెలకి ప్లగ్గు తీగ దారిన కొంత ఎర్త్ అందుతుంది కాబట్టి రోజువారీగా ఏమీ తెలియదు. లైట్లు వెలుగుతాయి, అన్నీ నడుస్తాయి. పిడుగు దిగిన రోజు తెలుస్తుంది.

అక్కడే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. లేచి, "సుధా, ఇదొకటి మర్చిపోయావు" అనాలి. అంతే. ఎంతసేపు పని? ఎమ్రీ కాగితం అక్కడే కింద పడి ఉంది.

"అయిందాండీ? బస్సు వచ్చేస్తుంది!" గుమ్మం దగ్గర్నుంచి తను.

"అయింది" అన్నాను.

మే 20

ఎల్లుండి సెల్వం వస్తాడు. మీటరు పెడతాడు. పట్టుకుంటాడు. నేనెందుకు చెప్పాలి, వాడే చెప్తాడు, ఇంగ్లీషులో.

మే 21

చెప్పలేదు.

పొద్దున తను నా చొక్కాకి బొత్తాం కుట్టింది, నేను వేసుకునే ఉండగా, దగ్గరగా నిలబడి. దారం పళ్లతో కొరికింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

మే 22, శనివారం

సెల్వం నేననుకున్నట్టు లేడు. పొట్టి మనిషి, నుదుట విభూతి, చేతిలో టిఫిన్ క్యారియరు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. "మూర్తిగారు, వణక్కం." ద్వేషించడానికి వీల్లేని మనిషి. అదో బాధ.

మొదటి ర్యాకు నిలువునా పరీక్షించాడు. ఒక్కో లగ్‌కీ మీటరు పెట్టాడు. తలుపు అల్లిక తీగ చూసి సుధ వైపు తిరిగి బొటనవేలు పైకెత్తాడు. రెండో ర్యాకు దగ్గరికి వచ్చాడు. ముందు వైపు రెండు చోట్ల పెట్టాడు. అవి బార్‌కి పోయేవి, బాగానే ఉంటాయి. వెనక్కి వంగి చూశాడు. తీగ ఉంది, లగ్ ఉంది, నట్టు ఉంది. "సేమ్ లైక్ ఫస్ట్, ఓకే" అన్నాడు. నర్సాపురంలో రైలు అందుకోవాలి ఆయన.

పాసు.

బయల్దేరుతూ సుధనడిగాడు, ఎవరు నేర్పారమ్మా ఇంత శుభ్రంగా అని. తను ఆలోచించనైనా ఆలోచించలేదు.

"మా ఆయనేనండీ."

ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నాది కానట్టు ఉంది.

మే 23

రామ్మోహన్ గారు ఆఫీసులో కాజాలు పంచారు. ఆదివారం అయినా అందర్నీ పిలిచారు. "మూర్తీ, అదృష్టవంతుడివయ్యా." తిన్నాను. పాకం చొక్కా మీద పడింది.

ఇప్పుడిక సెల్వం పట్టుకోడు. ఎవరూ పట్టుకోరు. ఆ నట్టు సంగతి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

మే 24

సుధ నర్సాపురం వెళ్లింది, వాళ్లమ్మ గారి దగ్గరికి. నాలుగు రోజులు ఉండి వస్తానంది. "మీరూ రండి" అంది. ఆఫీసు పనుందన్నాను. లేదు.

మధ్యాహ్నం ఆఫీసు ఫోనుకి సెల్వం. "సుధ మేడం మొబైల్ స్విచ్చాఫ్. అర్జెంట్ గుడ్ న్యూస్. నంబర్ ఉందా వాళ్ల ఊరిది?" నంబరు నాకు నిద్రలో అడిగినా వస్తుంది. "లేదండీ" అన్నాను. ఈ వారమంతా భీమవరంలోనే ఉంటాడట. భీమవరం నుంచి నర్సాపురం ఎంత దూరం?

మే 25, మంగళవారం

రోహిణి కార్తె. పొద్దున్నుంచి ఒళ్లంతా చెమట. నాలుగింటికి పడమర నల్లగా కమ్మింది. గోదావరి గట్టు మీద నిలబడి చూశాను. కొవ్వూరు వైపు మెరుపులు. ఇక్కడ చినుకు పడలేదు. కింద డెల్టాలో ఎక్కడో కురుస్తోంది.

రెండో ర్యాకు ఉన్న గదిలోనే అకౌంట్స్ అమ్మాయి కూర్చుంటుంది. ఆ అమ్మాయి వీపు ర్యాకుకి ఆనుకునేంత ఇరుకు గది. చెప్పుల్లేకుండా, తడి గచ్చు మీద. ఇది నాకు మొన్న తెలీదా? తెలుసు.

అబ్బులుకి ఫోన్ చేద్దామని ఎస్టీడీ బూత్ దాకా వెళ్లాను. ఏమని చెప్పాలి? "నట్టు తీసి పెయింటు గీకు" అంటే, మీకెలా తెలుసండీ అంటాడు. తెలిస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదండీ అంటాడు. అనకపోయినా అనుకుంటాడు. సుధకి చెప్తాడు.

నర్సాపురం ఫోన్ చేశాను. అత్తయ్యగారు తీశారు. "అది ఇంట్లో లేదు బాబూ. మధ్యాహ్నం అనగా వెళ్లింది. చెప్పలేదు ఎక్కడికో."

ఎక్కడికో.

మే 26

రాత్రంతా నిద్ర లేదు. భీమవరం, నర్సాపురం. నర్సాపురం, భీమవరం. ఛీ. నాకే తెలుసు అది కాదని. అయినా అనుకుంటూనే ఉన్నాను. ర్యాకు సంగతి మర్చిపోవడానికి ఇది పనికొస్తోంది కాబట్టి అనుకుంటున్నానేమో.

రేపు వెళ్తాను. మొగల్తూరు. ఎవరికీ చెప్పను. గీకి, బిగించి, వచ్చేస్తాను.

మే 27, గురువారం

ఇది అత్తయ్యగారింట్లో వసారాలో కూర్చుని రాస్తున్నాను. ఇంకా ఎండ ఉంది.

తొలి బస్సుకి రావులపాలెం, పాలకొల్లు, నర్సాపురం. అక్కణ్ణుంచి ఆటో. సంచిలో ఎమ్రీ కాగితం, స్పానరు, వ్యాజ్‌లైన్. దారంతా అబద్ధం తయారు చేసుకున్నాను. టెస్టరు మర్చిపోయానని చెప్తాను.

గేటు దగ్గర అబ్బులు. నా అబద్ధం వినలేదు.

"మీరూ వచ్చారాండీ? మేడం గారు మొన్ననే వచ్చి వెళ్లారు కదండీ!"

"మొన్నా?"

"మంగళారం అండి. ఏదో అనుమానంగా ఉందన్నారండి, రెండో దాని మీద. గీకానో లేదో గుర్తు రావట్లేదు అబ్బులు గారూ, నిద్ర పట్టట్లేదు అన్నారండి. మీకు చెప్పలేదాండీ?"

లోపలికి నడిచాను. రెండో ర్యాకు వెనక వంగాను. లగ్ చుట్టూ ఇనుము తెల్లగా మెరుస్తోంది. పళ్ల వాషరు. వ్యాజ్‌లైన్. తన చేతి పని ఎక్కడున్నా గుర్తుపడతాను.

అబ్బులు వెనకే నిలబడి చెప్తున్నాడు, ఆపకుండా.

"అప్పటికే మబ్బు పట్టేసిందండి. ఉరుములు. ఇప్పుడొద్దండీ మేడం గారూ, తగ్గాక చూద్దాం అన్నానండి. ఆ పెద్ద తీగ చేత్తో పట్టుకునే ఉన్నారండి. అమ్మాయి ఇక్కడే కూర్చుంటుందండీ, తడిగా ఉంది, తగ్గేదాకా ఆగలేను అన్నారు. అమ్మాయిని బయటికి పంపించేశారండి. నన్నూ ఉండొద్దన్నారు. నట్టు బిగించి ఇలా గుమ్మం దాటారో లేదో, మన వాటరు ట్యాంకు మీద పడిందండి. ఏం చప్పుడండీ బాబూ! సెక్యూరిటీ రూములో ఫోను కాలిపోయిందండి. టీవీ పోయింది. పక్క కొబ్బరిచెట్టు మొవ్వు మాడిపోయింది, చూడండి అదిగో. మన ర్యాకులకి మాత్రం ఏమీ కాలేదండి. దీపాలు ఆరలేదండి."

"సుధ?"

"మేడం గారా? కింద కూర్చుండిపోయారండి, గోడకానుకుని. మంచినీళ్లిచ్చానండి."

నేనూ అదే గోడకి ఆనుకున్నాను. అబ్బులు నాకూ నీళ్లు తెచ్చాడు.

ఆ పెద్ద తీగ విప్పి, చేత్తో పట్టుకుని, నెత్తిన పిడుగు పెట్టుకుని ఆ పని చేసింది. నేను మర్నాడు కాదు, ఆ మర్నాడు కాదు, ఆ బుధవారమే ఒక్క మాట అనుంటే... ఆ వేళకి గట్టు మీద మెరుపులు చూస్తూ నిలబడ్డాను నేను. ఆమె ఎవరితో ఉందా అని లెక్కలు కడుతూ.

మే 27, మళ్లీ

సుధ పెరట్లో బట్టలు తీస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అబ్బులు ఫోన్ చేశాడట.

"ఎందుకెళ్లారు?"

"టెస్టరు..."

"టెస్టరు ఇంట్లోనే ఉందండీ. మంచం కింద."

దండెం మీద చీర ఇద్దరి మధ్యా. తను దాన్ని తియ్యలేదు.

"ఆ రోజు మీరు రెండో దాని వెనక చాలాసేపు కూర్చున్నారు. టార్చి వెలుతురు గోడ మీద కనిపిస్తోంది. కదల్లేదు. కేబుళ్లు కట్టేవాళ్లు టార్చి కదపకుండా కూర్చోరు కదా అనుకున్నాను. అప్పుడేం అనిపించలేదు. ఇక్కడికొచ్చాక గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే వెళ్లాను."

నేను సంచి కింద పెట్టాను.

"చూశారా?"

చాలా అబద్ధాలు ఉన్నాయి నా దగ్గర. దారంతా తయారు చేసుకున్నవి. ఒక్కటీ నోటికి రాలేదు.

"చూశాను."

తను ఆ చీర తీసింది. నాలుగు మడతలు పెట్టింది, అంచు అంచుకి కలిపి. భుజం మీద వేసుకుంది. అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

"అమ్మ మీకోసం పులస లేదని బాధపడుతోంది. కాలం కాదుగా. కొరమేను తెప్పించింది. తినండి" అని లోపలికి వెళ్లిపోయింది.

తిన్నాను. అత్తయ్యగారు విసనకర్రతో విసురుతూనే ఉన్నారు. "చిక్కిపోయావు బాబూ" అన్నారు.

మే 28

ఒక్కణ్ణే తిరిగొచ్చాను. సిద్ధాంతం వంతెన మీద బస్సు ఆగింది, ముందేదో లారీ చెడి. కింద ఇసుక. అందరూ దిగి గాలికి నిలబడ్డారు. నేను దిగలేదు.

మే 31, సోమవారం

సుధ వచ్చింది. తిన్నగా ఆఫీసుకే. అక్కడ నాతో మామూలుగా మాట్లాడింది, "కటింగ్ ప్లేయరు ఇవ్వండి" అంది. ఇంట్లో మాట్లాడటం లేదు. మాట్లాడుతుంది. పాలు వచ్చాయి, గ్యాస్ అయిపోయింది, అలాంటివి.

జూన్ 1

"సెల్వం గారు ఆఫీసుకి ఫోన్ చేశారటగా. మా ఊరి నంబరు అడిగారట."

"అవును."

"లేదన్నారట."

"అవును."

అన్నీ ఒక్కొక్కటే వస్తున్నాయి. కోపం చూపించినా బాగుండు.

జూన్ 3

రామ్మోహన్ గారు గదిలోకి పిలిచారు. తలుపు వేశారు. ఎప్పుడూ వెయ్యరు.

"మూర్తీ, పిఠాపురం కాలేజీ పనికి సుధమ్మని పంపిస్తున్నా. కొత్తగా చేరిన ప్రసాదుని తోడు ఇస్తున్నా. నువ్వు ఇక్కడ ఆఫీసు చూసుకో."

"నేను వెళ్తానండీ."

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ అమ్మాయే అడిగింది నాయనా. మావారిని నా సైటుకి వెయ్యకండి అంది. ఏంటమ్మా, గొడవా అంటే, గొడవేం కాదండీ, పని దగ్గర నాకు నమ్మకం ఉన్న మనిషి కావాలి అంది. నాకేం అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైందా?"

అర్థమైంది.

జూన్ 7

ప్రసాదు. ఇప్పుడు ప్రసాదు. లగ్‌కీ వాషర్‌కీ తేడా తెలియని ప్రసాదు. పొద్దున్నే వచ్చి వీధిలో సైకిల్ బెల్లు కొడతాడు. కేబులు ఒక చివర సుధ పట్టుకుంటే రెండో చివర వాడు పట్టుకుంటాడు. "మేడం గారు ఇవాళ భలే చెప్పారు సార్" అని నాకే చెప్తాడు. పిఠాపురం మెట్టనేల, రాయి తగిలిందట. తను ఎలా చేయించిందో చెప్తుంటే విన్నాను. మొత్తం విన్నాను. ఇంకోసారి చెప్పమన్నాను.

రెండో చివర పట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమే. నాకది ఉండేది.

జూన్ 10

వాన. మొదటిది. వీధి అంతా మట్టి వాసన. సుధ పిఠాపురం నుంచి తడిసి వచ్చింది. తువ్వాలు ఇచ్చాను. తీసుకుంది. "మీరు తిన్నారా?" అంది. ఆ ఫోను సంగతి అడిగాక ఇదే మొదటిసారి, గ్యాసూ పాలూ కాకుండా ఇంకో మాట.

"తిన్నాను. నువ్వు?"

"లేదు."

వడ్డించాను. చారు తనే పోసుకుంది.

జూన్ 13, ఆదివారం

సెల్వం చెప్పిన ఆ మంచి కబురు ఏంటో ఇవాళ తెలిసింది. చెన్నైలో శిక్షణ. ఆరు నెలలు. తర్వాత వాళ్లే తీసుకుంటారేమో, తీసుకోరేమో. మన వైపు నుంచి ఒక్కరినే అడిగారట. వెళ్తుందో లేదో రేపు చెప్పాలి.

ఇందాక చెప్పింది. నేను ఈ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. తను గుమ్మంలో నిలబడింది, చేతులు తుడుచుకుంటూ.

"వెళ్లమంటారా?"

వెళ్లమంటే, వదిలించుకుంటున్నానని అనుకుంటుందా? నిజంగా వెళ్లాలని నేను కోరుకుంటున్నానా, లేక కంటి ముందు లేకపోతే కుళ్లు తగ్గుతుందని కోరుకుంటున్నానా? వద్దంటే ఎందుకు వద్దంటున్నానో తనకి తెలుసు. నాకంటే ముందు తెలుసు. నా నోట్లోంచి వచ్చే ఏ మాటనీ ఇప్పుడు తను నమ్మక్కర్లేదు. అయినా నన్నే అడిగింది. రామ్మోహన్ గారిని కాదు, వాళ్లమ్మని కాదు.

"ఒక్క నిమిషం" అన్నాను. అని ఇది తెరిచాను. ఏదో పనున్నట్టు రాస్తున్నాను.

తను వెళ్లలేదు. గుమ్మానికి ఆనుకుంది. వంటింట్లో కుక్కరు కూత వేసింది, మళ్లీ వేసింది. తను ఆపడానికి కదల్లేదు.

"రాయడం అయ్యాక చెప్పండి" అంది ఇప్పుడే. గొంతులో కోపం లేదు.

ఈ లైను అయిపోతే తలెత్తాలి...